యూరియా బస్తా కాదు, మెస్ రిజిస్టరు తెరవండి: క్యాంపస్ నైట్రోజన్ లెక్కలో అపోహలు - వాస్తవాలు

క్యాంపస్ నైట్రోజన్ లెక్క (తిండి, ఎరువు, ఇంధనం ద్వారా క్యాంపస్ వల్ల నీళ్లలోకి, గాలిలోకి ఎంత నైట్రోజన్ చేరుతోందనే లెక్క) తీద్దామనగానే ముందు గార్డెన్ సూపర్‌వైజర్‌కి కబురు వెళ్తుంది. నిరుడు ఎన్ని బస్తాల యూరియా వాడారో రాసుకుని, ఈసారి సగం చేస్తామని తీర్మానించి ఫైలు మూసేస్తారు. అసలు నైట్రోజన్ మాత్రం రోజూ మెస్ స్టోరు గుమ్మం దాటి లోపలికి వస్తూనే ఉంటుంది.

అపోహ: నైట్రోజన్ అంటే ఎరువే. తోటకు యూరియా తగ్గిస్తే చాలు.

లెక్క వేసి చూడండి. 45 కిలోల యూరియా బస్తాలో నైట్రోజన్ 46 శాతం, అంటే 20.7 కిలోలు. వెయ్యి మంది హాస్టల్లో మనిషికి రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ అనుకుంటే మొత్తం 60 కిలోలు. ప్రోటీన్ నుంచి నైట్రోజన్ తీయడానికి 6.25తో భాగించండి: 9.6 కిలోల నైట్రోజన్. రెండు రోజులకు దాదాపు ఒక బస్తా! మెస్ ఏడాదికి 250 రోజులు నడిస్తే సుమారు 116 బస్తాలు. ఇదంతా కంచంలోకి వచ్చింది మాత్రమే. ఆ తిండి పండించడంలో పొలంలో, ఫారంలో పోయింది దీనికి అదనం. అమెరికా గుణకాల ప్రకారం మనం తినే ప్రతి కిలో నైట్రోజన్ వెనుక పప్పుధాన్యాలకు కిలోలోపే పోతుంది. కోడిమాంసానికి సుమారు మూడు, బీఫ్‌కు ఎనిమిది దాకా. మన సాగు వేరు కాబట్టి వాటిని పోలికకే వాడండి.

క్యాంపస్ మొత్తానికి ఈ లెక్క మొదట తీసింది అమెరికాలోని వర్జీనియా యూనివర్సిటీ. అక్కడా ఆహారానిది పెద్ద వాటాల్లో ఒకటని తేలింది. 2025 నాటికి 25 శాతం తగ్గించాలని 2013లో లక్ష్యం పెట్టుకున్నారు.

మీరు చేయాల్సింది: స్టోరు ఇష్యూ రిజిస్టరు పన్నెండు నెలలది తీసుకోండి. సరుకుల వారీగా కిలోలు కూడి, హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) 2017 ఆహార పట్టికల్లోని ప్రోటీన్ శాతంతో గుణించి, 6.25తో భాగించండి (బియ్యం సుమారు 8, కందిపప్పు 22). తప్పులు దొర్లేది ఇక్కడే. కోడి రిజిస్టరులో లైవ్ తూకమా, డ్రెస్డ్ తూకమా అని అడక్కుండా బోన్‌లెస్ శాతం వేస్తారు. కంచాల్లో మిగిలిన అన్నానికి పచ్చి బియ్యం శాతం వేస్తారు. వండిన అన్నంలో ఉండేది 3 శాతం లోపే. ఫుడ్‌కోర్టు కాంట్రాక్టరు బిల్లులు ఆఫీసుకు రావు కాబట్టి అది లెక్కలోకే రాదు. నెలవారీ కొనుగోలు వివరాలు ఇవ్వాలని టెండరులోనే రాయించండి.

అపోహ: ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఉంది కదా, తిన్నది అక్కడే పోతుంది.

నైట్రోజన్ విషయంలో అక్కడి గాలి ఊదే ట్యాంకు చేసేది ప్రధానంగా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చడమే. నైట్రోజన్ చాలావరకు నీళ్లలోనే ఉంటుంది. అది గాలిలోకి పోవాలంటే ఆక్సిజన్ లేని అనాక్సిక్ ట్యాంకు, అందులోకి నైట్రేట్ నీళ్ల రీసర్క్యులేషన్, బ్యాక్టీరియాకు తిండిగా సరిపడా బీఓడీ (నీళ్లలో కుళ్లే సేంద్రియ పదార్థం) కావాలి. గ్రాము అమ్మోనియా నైట్రోజన్ మారడానికి 7 గ్రాముల పైన ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి గుణం) ఖర్చవుతుంది. అనాక్సిక్ దశలో సగం తిరిగొస్తుంది. పీహెచ్ దిగజారుతుంటే ముందు అక్కడ చూడండి. ల్యాబ్ రిపోర్టులో అమ్మోనియా ఒక్కటే చూసి సంతోషపడకండి, టీకేఎన్ (అమ్మోనియా, సేంద్రియ నైట్రోజన్ కలిపిన అంకె), నైట్రేట్, నైట్రైట్ మూడూ అడగండి.

శుద్ధి చేసిన నీళ్లు పచ్చికకు పెడుతున్నారా? రోజూ పెట్టే లక్ష లీటర్లలో లీటరుకు 20 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఉంటే రోజుకు 2 కిలోలు, ఏడాదికి 35 బస్తాల యూరియాకు సమానం. పైన మళ్లీ యూరియా చల్లితే అది భూగర్భజలంలోకి దిగుతుంది.

అపోహ: ఇక కోడి, గుడ్డు తీసేస్తారు.

పిల్లల భయం అర్థం చేసుకోదగ్గదే, చాలామందికి రోజంతటిలో మంచి ప్రోటీన్ ఆ గుడ్డే. అది ముట్టుకోవద్దు. ఎన్‌ఐఎన్ 2020 సిఫార్సుల ప్రకారం పురుషులకు రోజుకు 54 గ్రాములు, మహిళలకు సుమారు 46 గ్రాములు అందాల్సిందే. ముందు కోయాల్సింది పారేసే తిండిని. వంటపాత్రల్లో మిగిలింది ఒక డబ్బాలో, కంచాల్లో వదిలేసింది ఇంకో డబ్బాలో వేసి రెండు వారాలు తూచండి. మొదటిది ఎక్కువైతే ఇండెంట్ (స్టోరు నుంచి సరుకు కోరే లెక్క) తప్పు. రెండోది ఎక్కువైతే వడ్డన తప్పు.

మిగతావి క్లుప్తంగా. గాలిలో 78 శాతం నైట్రోజనే కదా అనే వాదన వదిలేయండి, ఆ జడవాయువు గొడవ ఇక్కడ లేదు. కార్బన్ లెక్క తీశాం, ఇది కూడా అయినట్టే అనుకోకండి. కరెంటు, డీజిల్ అంకెలు పనికొస్తాయి గానీ ఎన్‌ఓఎక్స్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు) కిలోలను 14/46తో, నైట్రస్ ఆక్సైడ్‌ను 28/44తో గుణించి, అందులోని నైట్రోజన్ బరువు తీశాకే కూడాలి. కంపోస్టు పెడితే చాలనేదీ పొరపాటే: ఎండుటాకులు కలపకుండా తడి తిండి పోగేస్తే అమ్మోనియా వాసన వస్తుంది, అంటే నైట్రోజన్ ఎగిరిపోతోంది. కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి 25-30 మధ్య ఉంచి, వచ్చిన కంపోస్టు మేరకు ఎరువు ఇండెంట్ తగ్గించండి.