దోమ కడుపులో తోడుకునే కాలం

1897 ఆగస్టు 16న సికింద్రాబాద్ బేగంపేటలోని సైనిక ఆసుపత్రిలో రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి, లార్వాల నుంచి తానే పెంచిన దోమల చేత కుట్టించాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున రోగికి ముట్టింది. నాలుగు రోజులు గడిచాక, ఆగస్టు 20న, వాటిలో ఒక దోమను కోసి మైక్రోస్కోపు కింద పెడితే కడుపు గోడలో నల్లటి రేణువులతో గుండ్రటి కణాలు కనిపించాయి. మలేరియా దోమలో పెరుగుతుందనడానికి దొరికిన తొలి సాక్ష్యం అది. పంకా ఊపితే కోసిన దోమలు కొట్టుకుపోతాయని గాలి కూడా లేకుండా చెమటలు కారుతూ పనిచేశాడాయన.

ఆ ఉక్కపోతే ఆయనకు కలిసొచ్చింది. అదే ఏడాది వేసవిలో ఊటీ కింద ఉన్న సిగూరు కనుమకు వెళ్లి రాస్ తానే చలిజ్వరం తెచ్చుకున్నాడు. పైన ఊటీలో మాత్రం ఆ జ్వరం భయం లేదు. దోమల ప్రయోగాన్ని ఊటీ చలిలో చేసి ఉంటే నాలుగో రోజున ఆయనకు ఏమీ కనిపించి ఉండేది కాదు.

ఎందుకో మన వంటింట్లోనే తెలుస్తుంది. ఎండాకాలంలో పాలల్లో చుక్క మజ్జిగ వేస్తే నాలుగైదు గంటల్లో తోడుకుంటాయి. చలికాలంలో తెల్లారినా పాలు పాలలాగే ఉంటాయి. దోమకు సొంతంగా ఒళ్లు వెచ్చగా ఉంచుకునే శక్తి లేదు. బయట ఎంత వేడి ఉంటే దాని కడుపులోనూ అంతే. రోగి రక్తంతో పాటు లోపలికి వెళ్లిన ప్లాస్మోడియం అనే మలేరియా పరాన్నజీవి అక్కడ ఎదిగి, వేల సంఖ్యలో పెరిగి, దోమ లాలాజల గ్రంథులకు చేరాలి. అప్పుడు గానీ ఆ దోమ కాటు మరొకరికి జబ్బు అంటించదు. దీనికి ఎన్నాళ్లు పడుతుందో లెక్కగట్టడానికి సోవియట్ శాస్త్రవేత్తలు ఒక సులువైన సూత్రం తయారుచేశారు. ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకానికి, రోజు సగటు ఉష్ణోగ్రత 16 డిగ్రీల పైన ఎంత ఉంటే అంత ఆ రోజు ఖాతాలో జమ. జమ 111కి చేరితే పరాన్నజీవి సిద్ధమైనట్టు. సగటు 25 డిగ్రీలుంటే రోజుకు 9 చొప్పున 12 రోజుల పైచిలుకులో పని పూర్తవుతుంది. 20 డిగ్రీలైతే 28 రోజులు. 18 డిగ్రీలైతే 55 రోజుల పైమాటే. మలేరియాలోనే మరో రకమైన వైవాక్స్ చలికి కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది.

మరి దోమ అన్నాళ్లు బతుకుతుందా? అసలు సంగతంతా ఇక్కడే ఉంది. రోజూ నూటికి పది దోమలు చచ్చిపోతాయనుకుందాం. రోగిని కుట్టిన వంద దోమల్లో 28 రోజులు గడిచేసరికి మిగిలేవి ఐదు. ఇప్పుడు ఆ కొండ ఊరు రెండు డిగ్రీలు వేడెక్కి 22కి వచ్చిందనుకోండి. పరాన్నజీవికి 18 రోజుల పైచిలుకు చాలు, అప్పటికి పద్నాలుగు దోమలు బతికి ఉంటాయి. అంటే కాటుతో జబ్బు అంటించగల దోమలు దాదాపు మూడింతలు. ఇదే రెండు డిగ్రీలు 30 నుంచి 32కి పెరిగితే నలభై మూడు కాస్తా నలభై ఎనిమిది అవుతాయి, అంతే. పైగా అంత వేడికి దోమే నిలవలేదు. మరీ వేడి పాలల్లో తోడు వేస్తే పెరుగు కాదు కదా. 2013లో ఎరిన్ మొర్డెకాయ్ బృందం దోమ బతుకునూ పరాన్నజీవి ఎదుగుదలనూ కలిపి చూసి, మలేరియా వ్యాప్తికి అన్నిటికన్నా అనువైన ఉష్ణోగ్రత దాదాపు 25 డిగ్రీలని తేల్చింది. అంతకుముందు 31 అనుకునేవారు.

అందుకే భూమి వేడెక్కుతోంది కాబట్టి మలేరియా అన్నిచోట్లా పెరుగుతుందనే మాట నాకు మింగుడుపడదు. మే నెలలో 45 డిగ్రీలు మండే రామగుండానికి ఇంకో డిగ్రీ కలిస్తే మలేరియా పెరగదు. భయమంతా చల్లటి కొండల గురించే. ఇథియోపియా, కొలంబియా కొండప్రాంతాల మలేరియా రికార్డులను తిరగేసిన పరిశోధకులు 2014లో ఒక విషయం బయటపెట్టారు: వేడి ఎక్కువున్న ఏడాదుల్లో జబ్బు మరింత ఎత్తైన ఊళ్లకు ఎగబాకింది, చల్లబడిన ఏడాది కిందికి దిగింది. ఆఫ్రికాలో వందేళ్లకు పైబడిన దోమల నమూనాలను పరిశీలించిన మరో బృందం, మలేరియాను మోసే అనాఫిలిస్ దోమల ఉనికి ఏడాదికి సగటున ఆరున్నర మీటర్ల చొప్పున పైకి పాకుతోందని 2023లో చెప్పింది. ఆ ఎత్తున కాపురముండే జనానికి ఈ జ్వరం అలవాటు లేదు. పల్లంలో పదేపదే జ్వరపడి పెద్దవాళ్లకు వచ్చే కొద్దిపాటి రక్షణ కూడా వాళ్లకు లేదు. దోమ కొత్తగా చేరిన ఊళ్లో పిల్లలతో పాటు పెద్దలూ పిట్టల్లా రాలిపోతారు.

ఇక నీళ్ల సంగతి. వాన ఎక్కువైతే దోమలు, తక్కువైతే లేవు అనుకుంటాం. 1934లో శ్రీలంకలో నైరుతి రుతుపవనాలు మొహం చాటేశాయి. ఏడాదంతా నిండుగా పారే నదులు ఎండి, రాళ్ల మధ్య మడుగులు మిగిలాయి. ప్రవాహంలో కొట్టుకుపోవాల్సిన అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ లార్వాలకు ఆ మడుగులే పుట్టిళ్లయ్యాయి. అలవాటుగా మలేరియా ఉండే పొడి ప్రాంతాన్ని వదిలి, ఎప్పుడూ అంతగా లేని తడి ప్రాంతం మీద జబ్బు విరుచుకుపడింది. దాదాపు 80 వేల మంది చనిపోయారు. కరవు తెచ్చిన మలేరియా అది. దీనికి పూర్తిగా తలకిందులు 2022 పాకిస్తాన్. వరదనీరు సింధ్, బలూచిస్తాన్ ఊళ్లలో నెలల తరబడి నిలిచిపోయింది, ఆసుపత్రులు మునిగాయి, జనం గుడారాల్లో దోమల మధ్య పడుకున్నారు. ముందు ఏడాది ఐదు లక్షలున్న కేసులు ఆ ఏడాది 26 లక్షలయ్యాయి.

మన పట్టణాలకు సంబంధించిన దోమ ఇంకొకటుంది, అనాఫిలిస్ స్టీఫెన్సీ. ఇది చెరువులూ వాగులూ వెతుక్కోదు, మేడ మీద మూతలేని ట్యాంకు, డ్రమ్ము, బావి చాలు. అప్పటిదాకా ఎక్కువగా దక్షిణాసియా, అరేబియా ప్రాంతాల్లోనే ఉన్న ఈ దోమ 2012లో తూర్పు ఆఫ్రికాలోని జిబూటీలో కనిపించింది. ఆ ఏడాది అక్కడ నమోదైన మలేరియా కేసులు 27. 2020కల్లా 70 వేలు దాటాయి. ఎండలు ముదిరి కుళాయి రోజు విడిచి రోజు వస్తే ఇంటింటా నీళ్లు దాచుకోక తప్పదు. తప్పు ఆ గృహిణిది కాదు. కానీ మూతపెట్టని డ్రమ్ము స్టీఫెన్సీకి కరవులోనూ ఇల్లు కడుతుంది.

మన మన్యం మాటకొస్తే, అరకు, పాడేరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మలేరియా అక్కడ ఎన్నడూ కొత్త కాదు, మైదానం నుంచి వెళ్లినవాళ్లు ‘మన్యం జ్వరం’ అని భయపడుతూనే ఉండేవారు. మెల్లగా పారే గెడ్డల అంచుల్లో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అక్కడి ముఖ్య వాహకం. లంబసింగిలో పొగమంచు చూడటానికి పర్యాటకులు ఎగబడే ఆ డిసెంబరు, జనవరి చలే దోమ కడుపులో పరాన్నజీవిని ఆపి ఉంచుతుంది. ఆ విరామం ఎంత కుదించుకుపోతే అంత కష్టం. అక్కడ కష్టమంటే, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న బిడ్డను డోలీలో మోసుకుంటూ కొండ దిగే తల్లిదండ్రులు.

అయినా థర్మామీటరే అన్నీ నిర్ణయించదు. 80 వేల మందిని పోగొట్టుకున్న శ్రీలంకలో 2012 తర్వాత మూడేళ్లకు పైగా స్థానికంగా మలేరియా సోకలేదు, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని మలేరియారహితంగా ప్రకటించింది. అక్కడేమీ చల్లబడలేదు. జ్వరమొచ్చిన ప్రతి మనిషికీ రక్తపరీక్ష చేశారు, ఒక్క కేసు బయటపడినా ఆ ఇంటి చుట్టుపక్కలంతా జల్లెడ పట్టారు. మన దేశంలోనూ 2015లో 11.7 లక్షలున్న కేసులు 2023కి 2.3 లక్షల లోపుకు దిగాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం అడవుల్లో, కొండల్లో, రోడ్డు లేని గూడేల్లో ఉన్నాయి.

ఆ గూడేల్లో దోమల మందు పిచికారీ, దోమతెరల పంపిణీ వానాకాలాన్ని చూసుకుని జరుగుతాయి. వానే వేళ తప్పుతున్నప్పుడు, చలి ముందే వదిలేస్తున్నప్పుడు పాత క్యాలెండర్ పట్టుకుని కూర్చోలేం. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక థర్మామీటరు, ఒక నోటుపుస్తకం పెట్టి 111 లెక్కను వారం వారం వేసుకోవచ్చు. సగటు 19 డిగ్రీలున్నంతకాలం పరాన్నజీవికి 37 రోజులు కావాలి. 20 దాటితే ఆ గడువు 28కి పడిపోతుంది. ఫిబ్రవరిలోనే ఆ అంకె కనిపిస్తే, ఆశా కార్యకర్త సంచీలోకి రక్తపరీక్ష కిట్లు ఫిబ్రవరిలోనే చేరాలి.