రక్త జబ్బులున్నవారిలో పార్వోవైరస్: అపోహలు, వాస్తవాలు

అపోహ: సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్నవాళ్లకు రక్తం ఎప్పుడూ తక్కువే. జ్వరంతో ఇంకాస్త తగ్గితే కంగారెందుకు?

వాస్తవం: వచ్చింది పార్వోవైరస్ బి19 అయితే ఈ ధీమా ప్రాణం మీదకు తెస్తుంది. ఎముక మజ్జలో ఎర్ర రక్తకణాలుగా ఎదగాల్సిన కణాల్లోకే ఇది దూరి, వారం పది రోజులు తయారీని ఆపేస్తుంది. ఆరోగ్యవంతుల్లో ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి ఆ లోటు తెలియనే తెలియదు. సికిల్ సెల్ ఉన్నవాళ్లలో దాని ఆయుష్షు 10 నుంచి 20 రోజులే. రోజు కూలి మీద గడిచే ఇంట్లో వారం పని ఆగినట్టే. కొన్ని రోజుల్లోనే హిమోగ్లోబిన్ ప్రమాదకరంగా పడిపోతుంది. తలసీమియా, వంశపారంపర్య స్ఫీరోసైటోసిస్ (ఎర్రకణాలు బంతిలా గుండ్రంగా మారి త్వరగా పగిలిపోయే జబ్బు) ఉన్నవాళ్లకూ ఇదే ముప్పు. స్ఫీరోసైటోసిస్ ఉందన్న సంగతి ఈ వైరస్ సోకాకే మొదటిసారి బయటపడేవాళ్లూ ఉంటారు.

అపోహ: కళ్లు పచ్చబడలేదుగా, పర్వాలేదు.

వాస్తవం: కణాలు ఎక్కువగా పగిలితే కామెర్లు పెరుగుతాయి. తయారీ ఆగినప్పుడు పెరగాలని లేదు. పాలిపోవడం, ఆయాసం, గుండెదడ, మునుపు లేనంత నీరసం చూడండి. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి పంపించేస్తే నాకు చిరాకు. రెటిక్యులోసైట్ కౌంట్ కూడా చేయించాలి. అవి మజ్జ నుంచి అప్పుడే బయటికొచ్చిన లేత ఎర్రకణాలు. ఈ రోగుల్లో మామూలుగా ఎక్కువే ఉంటాయి, దాదాపు సున్నాకి దిగితే మజ్జ పని ఆపేసిందన్నమాట. ప్లీహం ఉబ్బి రక్తం అందులో చిక్కుకున్నప్పుడూ హిమోగ్లోబిన్ పడిపోతుంది, కానీ అప్పుడు సాధారణంగా ఈ కౌంట్ తగ్గదు.

అపోహ: ఒంటిమీద దద్దుర్లు లేవు, ఇది ఆ వైరస్ కాదు.

వాస్తవం: దద్దుర్లు లేకుండానే చాలామందికి వస్తుంది.

అపోహ: ఐరన్ మాత్రలు వాడితే రక్తం పడుతుంది.

వాస్తవం: మజ్జ ఆగి ఉన్నప్పుడు ఐరన్ ఇచ్చి లాభం లేదు. అవసరమైతే రక్తం ఎక్కిస్తారు, ఆలోగా మజ్జ దానంతటదే కోలుకుంటుంది. యాంటీబయాటిక్ ఈ వైరస్‌ను ఏమీ చేయలేదు. (సికిల్ సెల్ పిల్లలకు జ్వరం వస్తే డాక్టర్లు అది ఇచ్చేది బ్యాక్టీరియా భయంతో, కాబట్టి మానేయకండి.) రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలో మాత్రం వైరస్ నెలల తరబడి ఉండిపోవచ్చు, వాళ్లకు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు) ఎక్కించాల్సి రావచ్చు.

అపోహ: ఇది అంటుకునేది కాదు.

వాస్తవం: రక్తం పడిపోయిన ఆ రోజుల్లోనే రోగి నుంచి ఇతరులకు బాగా సోకుతుంది. గర్భిణులు దూరంగా ఉండాలి, కడుపులో బిడ్డకు తీవ్ర రక్తహీనత రావచ్చు. ఇంట్లో అదే రక్త జబ్బున్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లకు లక్షణాలు లేకపోయినా కౌంట్ చేయించండి.