కేజ్‌లో దొరికిందల్లా ఇంటర్మీడియట్ కాదు: ఎంటీఓ అపోహలు, వాస్తవాలు

ఎంటీఓ అంటే మెథనాల్‌ను ఇథిలీన్, ప్రొపిలీన్ లాంటి ఆలిఫిన్లుగా (ఆల్కీన్లుగా) మార్చే ప్రక్రియ. ఆ దారిలో నిజంగా పనిచేసే మధ్యస్థ అణువే ఇంటర్మీడియట్.

అపోహ: "వాడిన క్యాటలిస్టులో హెక్సామిథైల్ బెంజీన్ దొరికింది, కాబట్టి అదే ఇంటర్మీడియట్." హైదరాబాద్ రీసెర్చ్ స్కాలర్ల డ్రాఫ్టుల్లో ఈ వాక్యం అరిగిపోయింది. రివ్యూయర్ కొట్టేసేదీ దీన్నే.

వాస్తవం: దొరకడం వేరు, పనిచేయడం వేరు. సాపో-34 అనే రంధ్రాల క్యాటలిస్టులోని గది (కేజ్) కిటికీ 3.8 ఆంగ్‌స్ట్రామ్‌లే. లోపల పుట్టిన మిథైల్ బెంజీన్లు బయటికి రాలేవు, పనిచేసేవైనా ఊరికే కూర్చున్నవైనా. విశ్లేషణలో పీక్ పెద్దదంటే అది నెమ్మదిగా ఖర్చవుతోందనీ కావచ్చు.

తేల్చేది ఐసోటోప్ స్విచ్. 350-400 డిగ్రీల దగ్గర మామూలు మెథనాల్ ఇరవై నిమిషాలు నడిపి, బరువైన కార్బన్‌తో గుర్తు పెట్టిన కార్బన్-13 మెథనాల్‌కు మార్చండి. అర నిమిషం, ఒకటి, రెండు నిమిషాలకు (ఒక్కోదానికి కొత్త క్యాటలిస్టు బెడ్) ఫీడ్ ఆపి వెంటనే చల్లార్చండి. ఫీడ్ ఆపకుండా చల్లారిస్తే మిథైలేషన్ సాగి హెక్సా పెరుగుతుంది. వేడి బెడ్ మీద నైట్రోజన్ ఊదుతూ కూర్చుంటే చురుకైనవే ముందు పోతాయి. 50 మి.గ్రా. క్యాటలిస్టును టెఫ్లాన్ వయల్‌లో 1 మి.లీ. 15 శాతం హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో కరిగించి, డైక్లోరోమీథేన్‌లోకి తీసి, అణువులను వేరుచేసి ద్రవ్యరాశి చూపే జీసీ-ఎంఎస్‌కు ఎక్కించండి. గాజు వద్దు. యాసిడ్ తగిలితే రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన లేకపోతే ఆ యాసిడ్ సీసా మూతే తీయకండి.

ఇథిలీన్, ప్రొపిలీన్‌లతో సమానంగా కార్బన్-13 లేబుల్ ఎక్కినదాన్నే ఇంటర్మీడియట్‌గా అనుమానించాలి. హెక్సాలోని 12 కార్బన్లలో ఆరు దాటి ఎక్కకపోతే మిథైల్స్ మాత్రమే మారి, రింగ్ కదలకపోయి ఉండొచ్చు. 176 ద్రవ్యరాశి దగ్గర పీక్ వస్తే చెత్తని పారేయకండి, హెప్టామిథైల్ బెంజీనియం కేటయాన్ ప్రోటాన్ వదిలిన రూపం అయ్యుండొచ్చు.

సాపో-34 ఫలితాన్ని జడ్‌ఎస్‌ఎం-5 అనే మరో క్యాటలిస్టుకు అంటగట్టకండి. అక్కడ హెక్సా దాదాపు జడం. ఇథిలీన్ ఎక్కువగా జైలీన్, ట్రైమిథైల్ బెంజీన్ల నుంచి వస్తుంది, ప్రొపిలీన్ మాత్రం ప్రధానంగా ఆల్కీన్ల మిథైలేషన్, క్రాకింగ్ చక్రం నుంచి.

మిగతావి చకచకా. "రెండు మెథనాల్ అణువులు నేరుగా కలిసి ఇథిలీన్": పని సాగుతున్న క్యాటలిస్టులో అలా కాదు. 1990లలో దాల్, కోల్‌బో ప్రతిపాదించిన హైడ్రోకార్బన్ పూల్ (లోపల చిక్కిన హైడ్రోకార్బన్ల మీద మెథనాల్ చేరి, వాటి నుంచి ఆలిఫిన్లు విడిపోవడం) నిలిచింది. తొలి కార్బన్-కార్బన్ బంధం గొడవ వేరు. మెథనాల్‌లోని ఇథనాల్ జాడలే చర్య ఊపందుకునే ముందరి ఆలస్యమైన ఇండక్షన్ పీరియడ్‌ను తగ్గిస్తాయి. "కోక్ అంతా విషం": కోక్ అంటే క్యాటలిస్టులో పేరుకునే కార్బన్ పదార్థం, అందులో మిథైల్ బెంజీన్లే పనివాళ్లు, దారి మూసేవి పైరీన్ లాంటి పెద్ద అణువులు.

మే నెలలో క్యాటలిస్టు త్వరగా చచ్చిపోతే బ్యాచ్ పాడైందని హడలిపోకండి. సాచ్యురేటర్ (వాయువులో మెథనాల్ ఆవిరి కలిపే పాత్ర) గది వేడికి వదిలేశారా? మెథనాల్ ఆవిరి పీడనం 20 డిగ్రీల దగ్గర 13 కిలోపాస్కల్స్, 40 దగ్గర 35, అంటే బెడ్ మీదికి మెథనాల్ రెట్టింపుకు పైగా వెళ్తుంది. ముందు దాన్ని థర్మోస్టాట్ బాత్‌లో పెట్టండి, ఆ తర్వాతే కొత్త సింథసిస్ మాట.