అపోహలు - వాస్తవాలు: ప్రయాణంలో కడుపు మాడ్చుకుంటే షుగర్ అదుపులో ఉంటుందా?

వేసవి సెలవులు, పెళ్లి ముహూర్తాలు మొదలైతే చాలు, అనంతపురంలో నా ఓపీ గదిలో ఒకే మాట వినిపిస్తుంది: "ఊరికి వెళ్లాం కదా మేడం, బయట తిండి ఎందుకని పొద్దుటి నుంచి ఏమీ తినలేదు." నేను మెచ్చుకుంటానని చూస్తారు. మాత్ర వేసుకున్నారా అని అడిగితే, "అదెలా మానతాం మేడం, లేవగానే వేసుకున్నాను" అంటారు. ఈ రెండు జవాబులూ ఒకే మనిషి నోటి నుంచి వస్తే నాకు భయం. డైటీషియన్ అంటే ఓళిగలు (బొబ్బట్లు) తిన్నవాళ్లను కోప్పడే మనిషి అని అందరి నమ్మకం. నిజానికి నన్ను ఎక్కువగా కలవరపెట్టేది తినకుండా మాత్ర మింగినవాళ్లే.

అపోహ: ప్రయాణంలో ఒక పూట మానేస్తే మంచిదే. మాత్ర మాత్రం మానకూడదు.

వాస్తవం: షుగర్ మాత్రలన్నీ ఒకే పని చేయవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి భోజనం ఆలస్యమైనా షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అలా కాదు. మీరు తిన్నారో లేదో వాటికి పట్టదు. మింగారంటే క్లోమం నుంచి ఇన్సులిన్‌ను బయటికి నెడుతూనే ఉంటాయి. లోపలికి అన్నం రాకపోతే ఆ ఇన్సులిన్ రక్తంలో ఉన్న కాస్త చక్కెరనూ దించేస్తుంది. చాలామంది వాడేది మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ రెండూ కలిసిన మాత్ర. "నాది తెల్ల మాత్ర మేడం" అంటే నాకేమీ తెలియదు. మాత్రల షీటు వెనక ఏముందో ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి.

తాడిపత్రి నుంచి వచ్చే ఒక రిటైర్డ్ టీచర్ ఉన్నారు. తిరుమలకు నడిచి వస్తానని మొక్కుకున్నారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు. దర్శనం అయ్యేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టనన్నారు, తెల్లవారుజామున లాడ్జిలో గ్లిమెపిరైడ్ మాత్రం వేసుకున్నారు. గాలిగోపురం దగ్గరికి వచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది. మెట్లెక్కితే చెమట పట్టదా అని అందరూ అనుకున్నారు. కాసేపటికి ఆయన భార్యను కసరడం మొదలుపెట్టారు. మనవణ్ణి తమ్ముడి పేరుతో పిలిచారు. "అంత నెమ్మదస్తుడు నలుగురిలో నన్ను కసిరేసరికి కోపం వచ్చింది గానీ, అనుమానం రాలేదు మేడం" అని ఆమె తర్వాత నాతో అన్నారు. కొండ దిగి వస్తున్న భక్తులెవరో లడ్డు పెట్టారు. ప్రసాదమే, కానీ నెయ్యి ఎక్కువగా ఉన్న తీపి నుంచి చక్కెర రక్తంలోకి వేగంగా చేరదు. చివరికి ఇంకెవరో కూల్‌డ్రింక్ తాగించాక మనిషి తేరుకున్నారు. అది డైట్ రకం కాకపోవడం అదృష్టం, ఆ రకంలో చక్కెరే ఉండదు.

చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, చికాకు, మాట తడబడటం. ఇవి కనిపిస్తే వాదించకండి. మూడు టీస్పూన్ల చక్కెరో గ్లూకోజ్ పొడో అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలు ఆగి షుగర్ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అదే ఇవ్వండి. తేరుకున్నాక ఇడ్లీయో అన్నమో తప్పనిసరిగా తినిపించండి, ఎందుకంటే గ్లిమెపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది, సాయంత్రానికి షుగర్ మళ్లీ పడిపోవచ్చు. కిడ్నీ సమస్య ఉన్న పెద్దవాళ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. బీపీకి అటెనొలాల్ లాంటి మాత్ర వాడేవారికి దడ, వణుకు తెలియకపోవచ్చు, చెమటే గుర్తు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఉపవాసమే తప్పని నేను అనడం లేదు. రంజాన్ నెలకు ముందే వచ్చి, మాత్రల వేళలు, మోతాదులు డాక్టరు చేత మార్పించుకుని, సహరీలో, అంటే తెల్లవారకముందు చేసే భోజనంలో, ఏం తినాలో నా దగ్గర రాయించుకుని వెళ్లే ముస్లిం పేషెంట్లు చాలామంది ఉన్నారు. శివరాత్రికి, ఉగాదికి ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెద్దచెరువు మీదుగా నల్లమలలో శ్రీశైలానికి నడిచేవాళ్లు ఆ పని ఎందుకు చేయరో నాకు అర్థం కాదు. అడవి దారి, ఎండ, రోజంతా నడక. నడకే షుగర్‌ను తగ్గిస్తుంది, దానికి ఉపవాసమూ మాత్రా తోడైతే ఏమవుతుందో వేరే చెప్పాలా? బయలుదేరే ముందు వారంలో ఒకసారి డాక్టరును అడగండి: ఏ మాత్ర తిండితో ముడిపడి ఉంది, తినని రోజు దాన్ని ఏం చేయాలి? సొంతంగా మానేయడమూ వద్దు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవారు ఇంకో కారణం చేత అడగాలి. పూర్తిగా తిండి మానేసి, ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది.

దీనికి తిరగేసిన మూర్ఖత్వం ఇంకొకటి ఉంది. "ఈ రోజు ఓళిగలు తింటాను, అందుకే రెండు మాత్రలు వేసుకున్నాను." ఓళిగ కొన్ని గంటల్లో అరుగుతుంది, రెండో మాత్ర రాత్రి నిద్రలోనూ పని చేస్తూనే ఉంటుంది. ఇక చాలు.

ఇన్సులిన్ వాడేవారికి మన ఫంక్షన్లే పరీక్ష. ప్రొద్దుటూరులో మా చిన్నాయన గృహప్రవేశం జరిగింది. మా అత్త భోజనానికి అరగంట ముందు తీసుకోవాల్సిన ఇన్సులిన్‌ను ఇంట్లోనే తీసుకుని వచ్చింది. పన్నెండుకు వడ్డన అన్నారు. ఒంటిగంట దాటినా పొయ్యి మీద నుంచి పెనం దిగలేదు. వంటమనిషి తీరిగ్గా ఓళిగ తిప్పుతూ నెయ్యి వేస్తున్నాడు, అత్త పక్కనే కూర్చుని పమిట చెంగుతో ముఖం తుడుచుకుంటోంది. ఉక్కగా ఉందంది. ఫ్యాన్ ఆమె నెత్తి మీదే తిరుగుతోంది. గబగబా పానకం తాగించి, రెండు అరటిపండ్లు తినిపించాను. "పూజ కాకుండా ఎంగిలి పడ్డావా వదినా" అని ఆడపడుచులు నవ్వారు. నవ్వనివ్వండి. అలాంటి చోట విస్తరి ముందు కూర్చుని, అన్నం కళ్లకు కనిపించాకే సూది వేసుకునే వీలు ఏ రకం ఇన్సులిన్‌తో ఉంటుందో మీ డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి.

షుగర్ లేనివారు ఒక పూట మానితే ప్రాణం మీదికేమీ రాదు. కానీ ఆకలితో నకనకలాడుతూ గుత్తిలోనో డోన్‌లోనో బస్సు దిగినవాడు ఉగ్గాని ఒక ప్లేటుతో ఆగడు, బజ్జీలు లెక్కపెట్టడు. సంచిలో రెండు జొన్న రొట్టెలు, వేరుశనగ చట్నీ పొడి, గుప్పెడు పుట్నాలు, జామకాయలు ఉంటే ఆ పూట గడిచిపోతుంది.

మిగతా అపోహలు చకచకా.

బెల్లం ఓళిగ అయితే షుగర్ పెరగదట. బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే. ఇష్టమైతే ఒకటి తినండి, ఆ పూట అన్నం తగ్గించండి. కానీ బెల్లం కాబట్టి పరవాలేదని నాలుగు తినకండి.

రాగి సంగటి ఎంతైనా తినవచ్చట. వంద గ్రాముల రాగుల్లో 65 గ్రాములకు పైగా పిండిపదార్థమే, పైగా సంగటిలో బియ్యం కూడా ఉడుకుతుంది. మంచి తిండే, కాల్షియం దండిగా ఉంటుంది. ముద్ద పరిమాణం చూసుకోండి, అంతే.

ఎండలో పండ్ల రసం డబ్బా ఓఆర్ఎస్‌తో సమానమట. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే, దాంతోపాటు సోడియం, పొటాషియం లెక్క ప్రకారం ఉంటాయి. తీపి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాట రాయకూడదని ఆహార భద్రత ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించాల్సి వచ్చిందంటే జనం ఎంత మోసపోయారో చూడండి. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్లలోనే కలపండి, గ్లాసులో కాదు.

బస్సులో నీళ్లు తాగకపోవడమే మేలట. ఇది చెప్పే ఆడవాళ్లను నేను కోప్పడలేను. శుభ్రమైన మరుగుదొడ్డి లేని బస్టాండ్లలో వాళ్లు మాత్రం ఏం చేస్తారు? అయినా మన మే నెల ఎండలో ఆరేడు గంటలు గొంతు ఎండబెట్టుకుంటే మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్, రాళ్లు మిగులుతాయి. బస్సు ఆగే చోటును బట్టి అరగంట ముందు తాగండి, మధ్యలో గుక్కెడు గుక్కెడు పట్టండి.

వారం తిరిగొస్తే రెండు కిలోల కొవ్వు పెరిగిందట. ఈ భయంతో ఏడ్చినవాళ్లు కూడా ఉన్నారు. కిలో కొవ్వు పెరగాలంటే అవసరానికి మించి సుమారు 7,700 కిలోక్యాలరీలు తినాలి, రెండు కిలోలకు లెక్క మీరే వేసుకోండి. మీకు కాటా మీద కనిపిస్తున్నది చాలావరకు ఉప్పు, పిండిపదార్థాలు పట్టి ఉంచిన నీరు. ఇంటి తిండికి మళ్లితే కొద్ది రోజుల్లో అదే దిగుతుంది. దాని కోసం మళ్లీ ఉపవాసాలు మొదలుపెట్టకండి.

ఇన్సులిన్ ఐసులో పెడితేనే భద్రమట. వాడుతున్న సీసా చాలా రకాల్లో 30 డిగ్రీల లోపు వేడిలో దాదాపు నాలుగు వారాలు బాగుంటుంది. మన ఎండలో ఆగి ఉన్న కారులో అయితే గంటలోనే పాడైపోవచ్చు, కాబట్టి చేతిసంచిలో మీ దగ్గరే ఉంచుకోండి. చల్లని డబ్బాలో పెట్టినా ఐసుకు నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా పనికిరాదు, పారేసి కొత్తది కొనుక్కోండి.