పాలియేటివ్ కేర్ సిబ్బంది ‘మోరల్ డిస్ట్రెస్’ను కొలవడం: అపోహలు - వాస్తవాలు

“నిజం చెప్పమ్మా, నాకేమైంది?” అని అడిగాడు ఒక తాత. అంతకుముందే వార్డు బయట ఆయన కొడుకు మా సిస్టర్ చేతులు పట్టుకుని బతిమాలాడు: “నాన్నకు క్యాన్సర్ అని చెప్పొద్దు సిస్టర్, అల్సర్ అని చెప్పండి.” ఆమె “ఏం లేదు తాతా, తగ్గిపోతుంది” అంది. నాలుగు రోజులకు ఆయన పోయాడు. ఆ నాలుగు రోజుల్లో ఆయన ఎవరిని చూడాలనుకున్నాడో, ఏ మాట చెప్పాలనుకున్నాడో ఎవరికీ తెలియదు. రెండేళ్లయినా ఆ సిస్టర్ అదే మాట అంటుంది: “అబద్ధం చెప్పి పంపేశాను మేడం.”

నేను హైదరాబాద్‌లో పాలియేటివ్ కేర్, అంటే తీవ్రమైన జబ్బులున్నవాళ్లకు నొప్పి, బాధ తగ్గించే వైద్యం చేసే డాక్టర్‌ని. ఆ సిస్టర్ మోస్తున్నదానికి పేరుంది: మోరల్ డిస్ట్రెస్. కొన్నేళ్లుగా మా టీమ్‌లో దాన్ని ఫారాలతో కొలిచే బాధ్యత కూడా నాదే. దాని చుట్టూ నేను తరచుగా వినే మాటలు కొన్ని, వాటికి నా అనుభవం చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రోజూ చావులు చూస్తారు కదా, ఆ దుఃఖమే ఇది.

వాస్తవం: దుఃఖం వేరు. నొప్పి లేకుండా, తన వాళ్ల మధ్య, చెప్పాల్సినవి చెప్పుకుని పోయిన పేషెంట్ గురించి మేమూ ఏడుస్తాం. కానీ ఆ రాత్రి నిద్ర పడుతుంది. 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే అమెరికన్ తత్వవేత్త నర్సుల గురించి రాస్తూ ఈ తేడా చెప్పాడు. ఏది సరైనదో మనిషికి తెలుసు, కానీ వ్యవస్థ అది చేయనివ్వదు. అప్పుడు కలిగేది మోరల్ డిస్ట్రెస్.

పనిభారంతో మనిషి పూర్తిగా అలసిపోయే బర్నౌట్ కూడా ఇది కాదు. బర్నౌట్‌ను కొలిచే మాస్లాక్ ప్రశ్నావళిలోని 22 ప్రశ్నలు అలసట గురించి, పేషెంట్ల పట్ల మొద్దుబారిపోవడం గురించి, పనిలో తృప్తి గురించి అడుగుతాయి. ‘తప్పని తెలిసీ చేయాల్సి వచ్చిందా?’ అని అడగవు. సెలవు ఇస్తే అలసట కొంత తీరుతుంది. ఆ సిస్టర్‌కి నెల రోజులు సెలవిచ్చినా తాత ప్రశ్న అలాగే ఉంటుంది.

అపోహ: పాలియేటివ్ కేర్ అంటేనే ఉపశమనం. ఇది ఐసీయూ వాళ్ల సమస్య, మీకెందుకు?

వాస్తవం: మాకు కారణాలు వేరు. మొదటిది పైన చెప్పిందే, రోగికి జబ్బు పేరు దాచడం. రెండోది తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మందు. మత్తుమందులను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం వల్ల లైసెన్సుల చిక్కులు పెరిగి, చాలా ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 2014 సవరణతో దారి సులువైంది, గుర్తింపు పొందిన ఆసుపత్రికి రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ అనుమతి సరిపోతుంది. అయినా ‘మత్తుమందు’ అనే భయం ఊళ్లలో పోలేదు. మేము నొప్పి తగ్గించి పంపిన మనిషి సొంతూరికి వెళ్లాక బిళ్లలు దొరక్క అరుస్తున్నాడని ఫోన్ వస్తే, ఫోన్ ఎత్తిన నర్సు ఏం చేయగలదు? మూడోది, ఆఖరి దశలో కూడా వెంటిలేటర్ తీయడానికి భయం. 2018 మార్చిలో సుప్రీంకోర్టు లివింగ్ విల్‌ను, అంటే ఆఖరి దశలో ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టే పత్రాన్ని ఒప్పుకుంది, 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. చట్టం మారిన సంగతి చాలా వార్డులకు ఇంకా చేరలేదు. చివరి రెండు రోజులకు మా దగ్గరికి పంపితే, ముందు వారాల్లో జరిగిన అనవసర హింసను చూస్తూ కూడా ఏమీ అనలేని స్థితి మాది.

అపోహ: ఫారం నింపితే ఒక నంబరు వస్తుంది. అది ఎక్కువైతే ప్రమాదం, తక్కువైతే క్షేమం.

వాస్తవం: దీని మీద కాస్త ఆగాలి, ఎందుకంటే పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

ఆరోగ్య సిబ్బంది మోరల్ డిస్ట్రెస్‌ను కొలవడానికి ఇప్పుడు ఎక్కువగా వాడే ఫారం పేరు ఎంఎండీ-హెచ్‌పీ. 2019లో వచ్చింది. అందులో 27 సందర్భాలుంటాయి. ఒక్కోదానికి రెండు అంకెలు వేయాలి: ఎంత తరచుగా జరిగింది అన్నదానికి 0 నుంచి 4, ఎంత కలత పెట్టింది అన్నదానికి 0 నుంచి 4. రెంటినీ గుణిస్తారు. ఒక్కో ప్రశ్నకు గరిష్ఠం 16, మొత్తం 432.

ఆ గుణకారం చాలా విషయాలు దాచేస్తుంది. ఏడాదికి ఒక్కసారి జరిగి మనిషిని కుదిపేసింది 1×4, అంటే 4. రోజూ జరిగి కొద్దిగా చిరాకు పెట్టింది 4×1, అదీ 4. ఈ రెండింటికీ చేయాల్సిన పని ఒకటే కాదు కదా. ఇంతకంటే నన్ను భయపెట్టేది 4×0. రోజూ జరుగుతోంది, ఏమీ అనిపించడం లేదు. స్కోరు సున్నా. కాగితం మీద అలా నింపిన నర్సు అందరికంటే క్షేమంగా ఉంది. ఆమె నిజంగా ఆ సందర్భాన్ని తప్పుగా చూడటం లేదేమో. లేదా ఒకప్పుడు బాగా గుచ్చుకుని, ఇప్పుడు స్పర్శ పోయిందేమో. ఫారం ఈ తేడా చెప్పదు, మనిషితో మాట్లాడితేనే తెలుస్తుంది. అందుకే నేను మొత్తం స్కోరు చూసే ముందు రెండు కాలమ్‌లూ విడివిడిగా చదువుతాను.

ఎప్పుడు కొలిచామన్నదీ ముఖ్యమే. ఒక సంఘటన ముగిశాక కూడా కొంత మిగిలిపోతుంది. తర్వాతి సంఘటన ఆ మిగిలినదాని మీద పడుతుంది. అలా అడుగు మట్టం పెరుగుతూ పోతుందని ఎప్‌స్టీన్, హామ్రిక్ అనే పరిశోధకులు 2009లో వివరించారు. ఒక కష్టమైన కేసు జరిగిన వారంలోనే ఫారం ఇస్తే ఆ అల మాత్రమే దొరుకుతుంది, అడుగు మట్టం దొరకదు. రోజువారీగా చూడటానికి 0 నుంచి 10 వరకు ఉండే ‘థర్మామీటర్’ ఒకటుంది. షిఫ్ట్ చివర్లో దానికి నిమిషం చాలు. అయితే థర్మామీటర్‌లాగే అది జ్వరం చూపిస్తుంది, కారణం చెప్పదు.

అపోహ: ఇంగ్లీషు ఫారం తెలుగులోకి అనువదిస్తే సరిపోతుంది.

వాస్తవం: మేము మొదట అదే చేశాం. డిస్ట్రెస్‌ను ‘బాధ’ అని రాశాం. అన్నిటికీ 4 వేసి ఇచ్చారు. మనిషి చనిపోతుంటే బాధ ఉండదా మరి? తర్వాత ‘నైతిక వేదన’ అని మార్చాం. మా ఆయమ్మ ఒకామె ఫారం పక్కన పెట్టి, “నా నీతి గురించి అడుగుతున్నారా మేడం? నేనేం తప్పు చేశాను?” అంది. ఆ మాట విని సిగ్గుపడ్డాను. ఆమెను తెలుసుకుందామని ఇచ్చిన కాగితం ఆమెనే నిందించింది.

అప్పటి నుంచి ఫారం ఇచ్చే ముందు కొందరి పక్కన కూర్చుని “ఈ ప్రశ్న మిమ్మల్ని ఏం అడుగుతోంది, మీ మాటల్లో చెప్పండి” అని అడుగుతున్నాం. వాళ్ల మాటల నుంచే ఇప్పటి ప్రశ్న వచ్చింది: “ఇలా చేయడం సరికాదని మనసుకు తెలిసినా చేయాల్సి వచ్చిందా? అప్పుడు మనసు ఎంత గుచ్చుకుంది?” హైదరాబాద్ వార్డులో తెలుగు ఒక్కటే చాలదు కూడా. ఉర్దూలో ఆలోచించేవాళ్లున్నారు, కేరళ నుంచి వచ్చిన సిస్టర్లున్నారు. ప్రతి భాషకూ ఈ పని మళ్లీ మొదటి నుంచి చేయాలి.

ఇంకో లోటు. ఈ ఫారాలు అమెరికా ఆసుపత్రుల నుంచి వచ్చాయి. కంప్యూటర్ రికార్డుల భారం, స్టాఫ్ కొరత లాంటివి మనకూ సరిపోతాయి. కానీ ఇంటికి వెళ్లినప్పుడు మంచం పక్కన తిండి గింజలు లేకపోతే మందులు మాత్రం ఇచ్చి రావడం, పొలం అమ్మి కీమోకు పెట్టిన కుటుంబానికి ఆలస్యంగా నిజం చెప్పడం అందులో లేవు. ఖాళీ గళ్లు ఉంచి, వాళ్లనే రాయమనాలి. మాకు ఉపయోగపడినవి చాలావరకు ఆ గళ్లలోనే దొరికాయి.

అపోహ: పేరు రాయకపోతే ఎవరు నింపారో తెలియదు.

వాస్తవం: ఎనిమిది మంది ఉన్న టీమ్‌లో ‘స్టాఫ్ నర్స్, 12 ఏళ్ల అనుభవం’ అంటే పేరు రాసినట్టే. హోదా, వయసు, అనుభవం అడగడం మానేయండి.

అపోహ: స్కోరు ఎక్కువ వచ్చినవాళ్లను కౌన్సెలింగ్‌కు పంపాలి.

వాస్తవం: కావాలన్నవాళ్లకు కౌన్సెలింగ్ తప్పకుండా ఉండాలి. కానీ ఒకే ప్రశ్నకు టీమ్ అంతా ఎక్కువ మార్కు వేస్తే జబ్బు మనుషుల్లో లేదు, పని పద్ధతిలో ఉంది. నాకు తెలిసిన ఒకచోట స్కోర్లు చూసి యోగా క్లాసు పెట్టారు. మార్ఫిన్ అయిపోతే ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం తేల్చలేదు. మరుసటిసారి సగం ఫారాలు ఖాళీగా వచ్చాయి. అడిగి, విని, ఏమీ చేయకపోవడం కూడా ఒక గాయమే. మార్చగలిగింది ఒక్కటైనా మార్చే ఉద్దేశం లేకపోతే దయచేసి ఫారం పంచకండి.

మా దగ్గర అన్నిటికంటే ఎక్కువ మార్కు పడింది రోగికి నిజం దాచే ప్రశ్నకే. అందుకని అడ్మిట్ అయిన మొదటి రోజే డాక్టర్, కుటుంబం కలిసి కూర్చోవడం మొదలుపెట్టాం. “ఆయన తనంతట తానే అడిగితే మేము అబద్ధం చెప్పం. చెప్పేటప్పుడు మీరు పక్కన ఉండొచ్చు” అని ముందే చెబుతున్నాం. ఆ మాట కేస్ షీట్‌లో రాస్తున్నాం. కొందరు కొడుకులు కోప్పడతారు. ఆ కోపం ఇప్పుడు డాక్టర్ మీద పడుతుంది, రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న సిస్టర్ మీద కాదు.

ఇన్నాళ్లూ డాక్టర్లు, నర్సులు, ఆయమ్మలకే ఫారాలిచ్చాం. హోమ్ కేర్ బండి నడిపే అన్నను అడగనే లేదు. ప్రతి ఇంటి గుమ్మం దాకా వచ్చేది ఆయనే. మేము లోపల ఉన్నంతసేపూ బయట బంధువులు “ఎన్ని రోజులు బతుకుతాడు అన్నా?” అని అడిగేదీ ఆయన్నే. ఈసారి ఆయనకూ ఇస్తున్నాం. చదవడం కష్టమన్నాడు కాబట్టి టీమ్‌కు సంబంధం లేని మనిషి ఒకరు పక్కన కూర్చుని చదివి వినిపిస్తారు.