కిడ్నీ జాబితాలో తేదీలు ఎందుకు మారాయి? మొదలు 2023లో కాదు, 1999లో

అమెరికాలో కిడ్నీ మార్పిడి వెయిటింగ్ లిస్టు చుట్టూ పాత గొడవ మళ్లీ రాజుకుంది. జాబితాలో ఉన్న నల్లజాతి రోగుల నిరీక్షణ మొదలైన తేదీలను 2023 జనవరి నుంచి ఇంకా పాత తేదీలకు జరుపుతూ వచ్చారు, అంటే వరసలో వాళ్లు ముందుకొచ్చారు. 2024 మార్చి నాటికి అలా తేదీ మారినవాళ్లు 14,000 మంది దాటారు. ఒక్కొక్కరికి సగటున రెండేళ్ల నిరీక్షణ కాలం కలిసింది. కాలేజీ ప్రవేశాల్లో జాతిని చూడకూడదని 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వైవిధ్యం పేరుతో నడిచే కార్యక్రమాలను ఆపాలంటూ 2025 జనవరిలో అధ్యక్షుడి ఉత్తర్వులు వచ్చాయి. దాంతో ఒక ప్రశ్న గట్టిగా వినబడుతోంది: కాలేజీలో కూడదన్నది కిడ్నీల దగ్గర ఎలా చెల్లుతుంది?

2023 నుంచి లెక్కపెడితే అది సబబైన ప్రశ్నలాగే ఉంటుంది. కానీ ఈ జాబితాలోకి జాతిని మొదట తెచ్చింది 2023 నిర్ణయం కాదు. 1999 మార్చిలో ఒక వైద్య పత్రికలో అచ్చయిన సూత్రం ద్వారా అది ల్యాబుల్లోకి వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా రక్తపరీక్ష కాగితం మీద ఒక అంకెగా కూర్చుంది. చాలామంది రోగులకు అది అక్కడ ఉన్నట్టే తెలియదు.

కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని వడకడుతున్నాయో నేరుగా కొలవడం పెద్ద పని. సూది ద్వారా మందు ఎక్కించి, గంటల తరబడి రక్తం, మూత్రం నమూనాలు తీయాలి. అందుకే రక్తంలోని క్రియాటినిన్ (కండరాల్లో పుట్టి కిడ్నీల ద్వారా బయటికి పోయే వ్యర్థం), వయసు, ఆడా మగా అన్న వివరాలతో అంచనా కడతారు. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ అని కనిపించేది ఆ అంచనాయే. 1999లో వచ్చిన ఎండీఆర్‌డీ సూత్రం దీన్ని దేశమంతటా ఒక పద్ధతిలోకి తెచ్చింది. దానికి ఆధారం 1,628 మంది రోగులు. అందులో నల్లజాతివారు సుమారు 12 శాతం. కిడ్నీలు ఒకే స్థాయిలో పనిచేస్తున్నా వారి క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా ఉన్నట్టు ఆ గణాంకాల్లో తేలింది. దాన్ని సర్దడానికి, రోగి నల్లజాతి అయితే వచ్చిన జవాబును మరో సంఖ్యతో హెచ్చించమన్నారు. అందరి వాడుకలోకి వచ్చిన రూపంలో ఆ సంఖ్య 1.212. వాళ్లకు కండ ఎక్కువన్నది దానికి ఇచ్చిన వివరణ. ఆ 1,628 మందిలో ఎవరి కండా కొలిచి రాబట్టిన మాట కాదది. 2009లో మెరుగైన సీకేడీ-ఈపీఐ సూత్రం వచ్చినా గుణకం పోలేదు, 1.159కి తగ్గిందంతే.

ఈ గుణకం రోగి దగ్గరికొచ్చేసరికి ఏం చేస్తుందో ఒక్క ఉదాహరణతో చూడవచ్చు. యాభై ఏళ్ల మగ మనిషి. క్రియాటినిన్ డెసీలీటరుకు 3.6 మిల్లీగ్రాములు. 2009 సూత్రంలో వేస్తే జవాబు 18.6, ల్యాబు 19 అని ముద్రిస్తుంది. అదే రక్తం, అదే వయసు, నల్లజాతి మనిషి అయితే 21.5. కాగితం మీద 22. అమెరికా నిబంధన ప్రకారం ఈజీఎఫ్ఆర్ 20 గానీ అంతకన్నా తక్కువ గానీ అయిన రోజు నుంచి, లేదా డయాలసిస్ మొదలైన రోజు నుంచి నిరీక్షణ కాలం లెక్కలోకి వస్తుంది. మొదటి మనిషి లెక్క ఈరోజే మొదలవుతుంది. రెండో మనిషిని మళ్లీ రమ్మని పంపేస్తారు. ఇద్దరి సీసాల్లోనూ ఉన్నది ఒకేలాంటి రక్తం.

తప్పుడు తూకపురాయితో ఇరవై ఏళ్లు సరుకు తూచిన దుకాణం, ఆ రాయి మార్చినంత మాత్రాన పాత బాకీ తీరినట్టు కాదు. 2023 నిర్ణయం అర్థం అదే.

కిడ్నీ విభాగంలో పనిచేసేవాళ్లు ఇక్కడ ఒక మెలిక గుర్తుచేస్తారు. 2014 డిసెంబరులో కేటాయింపు విధానం మారింది. అప్పటినుంచి రోగి పేరు ఎప్పుడు నమోదైనా, డయాలసిస్ మొదలైన తేదీ నుంచే కాలాన్ని లెక్కిస్తున్నారు. ఆలస్యంగా ఆస్పత్రికి చేరే పేద రోగులకు, నల్లజాతివారికి దీనివల్ల చాలా మేలు జరిగింది. అందుకే గుణకం చేసిన నష్టమంతా డయాలసిస్‌కు ముందున్న కాలానిదే. ఈజీఎఫ్ఆర్ 20కి దిగడానికీ డయాలసిస్ కుర్చీలో కూర్చోడానికీ మధ్య నెలలు ఉండొచ్చు, ఏళ్లూ ఉండొచ్చు. సగటు లెక్క రెండేళ్ల దగ్గర తేలడంలో ఆశ్చర్యం లేదు.

ఆ రెండేళ్లు చిన్నవి కావు. డయాలసిస్ మీద గడిపిన కాలం పెరిగేకొద్దీ మార్పిడి తర్వాత ఫలితం తగ్గుతుంది. కొత్త కిడ్నీ పనిచేసే కాలం, రోగి ఆయుష్షు రెండూ దెబ్బతింటాయి. డయాలసిస్ మొదలుకాక ముందే మార్పిడి జరిగినవాళ్ల ఫలితాలు అందరికన్నా మెరుగు. అంటే గుణకం క్యూలో చోటునే కాదు, ఆపరేషన్ తర్వాతి జీవితాన్నీ కోసింది. అమెరికా జనాభాలో నల్లజాతివారు సుమారు 13 శాతం. కిడ్నీ వెయిటింగ్ లిస్టులో వాళ్ల వాటా 30 శాతం దరిదాపుల్లో ఉంటుంది. బతికున్న దాత నుంచి కిడ్నీ దొరికే అవకాశం మాత్రం వాళ్లకే బాగా తక్కువ.

గుణకాన్ని ప్రశ్నించింది మొదట పెద్ద సంఘాలు కావు. వైద్య విద్యార్థులు, యువ డాక్టర్లు అడగడం మొదలుపెట్టారు. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆస్పత్రి 2017లో దాన్ని రిపోర్టుల నుంచి తీసేసింది. 2020 తర్వాత ఒత్తిడి పెరిగింది. రెండు జాతీయ కిడ్నీ సంస్థలు కలిసి వేసిన కార్యదళం 2021 సెప్టెంబరులో జాతి ప్రసక్తి లేని కొత్త సూత్రాన్ని సిఫార్సు చేసింది. మార్పిడి జాబితాను నడిపే ఓపీటీఎన్ 2022 జులైలో జాతి కలిపిన లెక్కలను నిషేధించింది. అదే డిసెంబరులో పాత నష్టాన్ని సరిచేయాలని తీర్మానించింది. 2023 జనవరి 5 నుంచి అది అమల్లోకి వచ్చింది. మన ఉదాహరణలోని మనిషికి కొత్త సూత్రంలో 19.7 వస్తుంది, ఏ జాతివాడైనా సరే.

సరిచేసే పని ఇలా సాగింది. ప్రతి మార్పిడి కేంద్రం తన జాబితాలోని అందరికీ, జాతితో నిమిత్తం లేకుండా, ఈ విధానం గురించి తెలియజేయాలి. అర్హులైన నల్లజాతి రోగులను గుర్తించాలి. పాత తేదీనాటి రిపోర్టు దొరకబట్టాలి. ఆ రోజు జాతి కలిపితే 20 దాటిందనీ, కలపకపోతే 20 లేదా అంతకు లోపే ఉందనీ చూపాలి. ఫారం నింపి పంపాలి. రోగికి మళ్లీ సమాచారం ఇవ్వాలి. ఇదంతా 2024 జనవరి 3 లోపు పూర్తిచేశామని ధ్రువీకరించాలి.

చిక్కంతా మూడో మెట్టు దగ్గరే. పదేళ్ల కిందటి రిపోర్టు మార్పిడి కేంద్రంలో ఉండదు. అది ఊళ్లో చూపించుకున్న డాక్టరు దగ్గరో, మూతపడిన క్లినిక్కులోనో, వేరే రాష్ట్రంలోని ల్యాబులోనో ఉంటుంది. కొన్ని రిపోర్టుల్లో రెండు జవాబులూ పక్కపక్కనే ఉంటాయి. అవి ఉంటే పని సులువు. క్రియాటినిన్ ఒక్కటే ఉంటే ఆనాటి వయసు వేసి మళ్లీ లెక్క కట్టాలి. బీమా లేక ఏళ్ల తరబడి పరీక్షే చేయించుకోనివాళ్లకు చూపించడానికి కాగితమే లేదు. ఎక్కువ నష్టపోయినవాళ్లకే రుజువు తక్కువ. తమ నిరీక్షణ కాలాన్ని తక్కువ చేసి లెక్కించారని 2023లోనే లాస్ ఏంజెలెస్ ఫెడరల్ కోర్టులో కేసు కూడా పడింది.

వ్యతిరేకించేవారి వాదనలో బలమైనవి రెండున్నాయి. మరణించిన దాతల నుంచి వచ్చే కిడ్నీలు పరిమితం, ఒకరు ముందుకు జరిగితే ఇంకొకరు వెనక్కి జరుగుతారన్నది ఒకటి. నిజమే. కానీ ఆ ముందు చోటు తప్పుడు లెక్కతో వచ్చిందే కదా. కొత్త సూత్రం కూడా కచ్చితం కాదన్నది రెండోది. ఇదీ నిజమే. నేరుగా కొలిచిన విలువతో పోలిస్తే అది నల్లజాతివారిలో సుమారు 3.6 మిల్లీలీటర్లు తక్కువగా, మిగతావారిలో సుమారు 3.9 ఎక్కువగా చూపిస్తుంది. పాత సూత్రం నల్లజాతివారి కిడ్నీలు ఉన్నదానికన్నా 3.7 మేర బాగున్నట్టు చెప్పింది. పొరపాటు ఎటువైపు పడాలన్నది ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు, దాని భారం ఏ ఒక్క వర్గం మీదా మరీ ఎక్కువగా పడని సూత్రాన్ని కార్యదళం ఎంచుకుంది. ఆ తీర్పు సరైనదే.

అమెరికాలోని తెలుగువాళ్లకు ఈ రెండో వాదనతో నేరుగా సంబంధముంది. కొత్త సూత్రంలో మనవాళ్ల అంకె కాస్త పెరుగుతుంది. యాభై ఏళ్ల తెలుగు మనిషికి క్రియాటినిన్ 3.4 ఉంటే 2009 సూత్రంలో ఈజీఎఫ్ఆర్ 19.9. అర్హత వచ్చేది. ఇప్పుడు 21.1, ఇంకా ఆగాలి. అంకె 20కి పైన కొద్ది తేడాలో ఊగుతుంటే కిడ్నీ పనితీరు చెప్పే సిస్టాటిన్-సి అనే మరో రక్తపరీక్ష అడిగి చేయించుకోవాలి. అది కండ మీద పెద్దగా ఆధారపడదు, జాతి గుణకం అవసరం లేదు. స్టిరాయిడ్లు వాడుతున్నా, థైరాయిడ్ అదుపులో లేకపోయినా, పొగతాగే అలవాటున్నా అది తేడా చూపుతుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. 24 గంటల మూత్రంతో చేసే క్రియాటినిన్ క్లియరెన్స్ కూడా చెల్లుతుంది. దాని తంటా ఏమిటంటే ఒక్కసారి మూత్రం పట్టడం మరిచినా లెక్క తప్పుతుంది.

బ్లడ్ గ్రూపు సంగతీ ఉంది. భారతీయుల్లో దాదాపు మూడింట ఒకరిది బి గ్రూపు. అమెరికా తెల్లజాతివారిలో అది పదిమందిలో ఒకరికి. నల్లజాతివారిలోనూ బి ఎక్కువే. దాతల్లో తెల్లజాతివారే అధికం కాబట్టి బి గ్రూపు కిడ్నీ కోసం ఎదురుచూపు సాగుతుంది. ‘ఏ’ బ్లడ్ గ్రూపులోని ‘ఏ2’ అనే ఉపరకం కిడ్నీని, ‘ఏ’ గ్రూపును ఎదిరించే యాంటీబాడీ మోతాదు తక్కువున్న బి రోగికి పెట్టవచ్చు. 2014 విధానం దీనికి వీలిచ్చింది. అన్ని కేంద్రాలూ చేయవు. నమోదైన కేంద్రం చేస్తుందో లేదో అడిగి తెలుసుకోవాల్సిందే.

జాతి పేరెత్తకుండానే తేడా తగ్గించిన మార్పూ ఒకటుంది. దాత, రోగి కణజాలాల సరిపోలికలో హెచ్ఎల్ఏ-బి అనే గుర్తుకు ఇచ్చే పాయింట్లను 2003లో తీసేశారు. దాతలు ఎక్కువగా తెల్లజాతివారు కావడంతో ఆ పాయింట్లు కూడా తెల్లజాతి రోగులకే పడేవి. దానిమీద ఇంత రభస జరగలేదు. దాత నల్లజాతి అయితే కిడ్నీ నాణ్యత తక్కువని చూపే లెక్క మాత్రం 2024 దాకా నడిచింది. అసలు తేడా ఏపీఓఎల్1 అనే జన్యువుది. దాని ప్రమాదకర రూపాలు రెండూ ఉన్నవాళ్లు నల్లజాతి అమెరికన్లలో సుమారు 13 శాతమే. మిగిలినవాళ్ల కిడ్నీలకు కూడా అదే ముద్ర వేశారు.

మార్పిడి అయ్యాక కథ మందుల దగ్గరికి వస్తుంది. శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా ఆపే ముఖ్యమైన మందు టాక్రోలిమస్. దాన్ని పేగుల్లో, కాలేయంలో త్వరగా విరిచేసే సీవైపీ3ఏ5 ఎంజైము నల్లజాతివారిలో ఎక్కువమందికి చురుగ్గా ఉంటుంది. దక్షిణాసియావారిలోనూ తక్కువేమీ కాదు. అలాంటివారికి మామూలు మోతాదుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు కావాలి. అందరితో సమానంగా మొదలుపెడితే మొదటి వారాల్లోనే, పొద్దున మాత్రకు ముందు తీసిన రక్తంలో మందు స్థాయి అడుగుకు పడిపోతుంది. శరీరం కిడ్నీని తిప్పికొట్టేది సరిగ్గా అప్పుడే. ఆ తక్కువ స్థాయి చూసి, రోగి మాత్రలు సరిగా వేసుకోవడం లేదని ఫైలులో రాసేయడం ఇంకో అన్యాయం.

నిజంగానే మాత్రలు మానేసినవాళ్ల వెనక చట్టం ఉంది. 65 ఏళ్ల లోపు, వైకల్యం ధ్రువీకరణ లేనివారికి మార్పిడి తర్వాత 36 నెలలకు మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆగిపోయేది. డయాలసిస్‌కు ఎన్నేళ్లయినా డబ్బిచ్చే ప్రభుత్వం, కిడ్నీని కాపాడే మాత్రలకు మూడేళ్లకే చేతులెత్తేసేది. ఉద్యోగంతో వచ్చే బీమా లేనివాళ్లే దీనికి బలయ్యారు. 2020 డిసెంబరులో చట్టం మార్చారు. మందుల వరకు పనికొచ్చే కొత్త సదుపాయం 2023 జనవరి 1న మొదలైంది. తేదీల సవరణ అమల్లోకి వచ్చిందీ ఆ వారంలోనే. అయినా ఈ చట్టం మీద కేకలు లేవు, తేదీల మీదే ఉన్నాయి.

2024 జనవరి గడువు తర్వాత కొత్తగా నమోదయ్యే నల్లజాతి రోగులకూ సవరణ వర్తించేలా ఆ విధానాన్ని పెట్టారు. పాత క్రియాటినిన్ రిపోర్టు తేదీతో సహా చేతిలో ఉండాలి. జాబితా దాకా రానివాళ్లకు ఈ విధానం ఏమీ చేయలేదు. 22 అన్న అంకె చూసి ఇంకా సమయముందని డాక్టరు తిప్పి పంపినవాళ్లు, స్పెషలిస్టుకు చీటీ అందనివాళ్లు, డయాలసిస్ మీదే పోయినవాళ్లు ఆ 14,000 లెక్కలో లేరు.