జూలియస్ సీజర్: మనిషి, రాతలు – అపోహలు, వాస్తవాలు

రోమన్ చరిత్ర పాఠం మొదలుపెట్టిన ప్రతి ఏడాదీ మొదటి గంటలోనే ఒక ప్రశ్న వస్తుంది. "సీజర్‌ను తల్లి పొట్ట కోసి తీశారు, అందుకే సిజేరియన్ అంటారు కదా?" అని. ఆ కాలంలో అలా కోసిన తల్లి బతకడం దాదాపు అసాధ్యం. సీజర్ తల్లి ఔరేలియా మాత్రం కొడుకు గాల్ దేశంలో (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) సేనలు నడుపుతున్న క్రీ.పూ. 54 దాకా జీవించింది. రెండో ప్రశ్న చక్రవర్తి గురించి. ఆయన చక్రవర్తి కాలేదు. క్రీ.పూ. 44లో జీవితకాల నియంత అయ్యాడు, అదే ఏడాది మార్చి 15న హత్యకు గురయ్యాడు. మొదటి చక్రవర్తిగా లెక్కకు వచ్చేది ఆయన దత్తపుత్రుడు ఆగస్టస్.

ఇవి నిమిషంలో తీరే సందేహాలు. ఆయన రాతల చుట్టూ పేరుకున్న అపోహలు అంత తేలిగ్గా వదలవు. సీజర్‌ను మనం ఎక్కువగా చూసేది సీజర్ కళ్లతోనే కాబట్టి ఇక్కడ జాగ్రత్త అవసరం.

అపోహ: గాల్ యుద్ధం గురించి ఆయన రాసింది ఉన్నది ఉన్నట్టు నమోదు చేసిన సైనికుడి దినచర్య.

వాస్తవం: తన రాతకు ఆయన పెట్టుకున్న పేరు 'కొమెంటారీ'. మరెవరైనా చరిత్ర రాయడానికి పనికొచ్చే టిప్పణాలు అని దాని భావం. పేరు ఎంత వినయంగా ఉందో చూడండి. అప్పుడు ఆయన ఏళ్ల తరబడి రోమ్‌కు దూరంగా ఉన్నాడు. పదవి దిగిన మరుక్షణం విచారణకు ఈడ్చాలని అక్కడ శత్రువులు కాచుకుని ఉన్నారు. అలాంటి సమయంలో 'నేను' అన్న మాట పక్కన పెట్టి, 'సీజర్ ఇలా ఆజ్ఞాపించాడు' అంటూ ఏడు పుస్తకాలు రాశాడు. ఎనిమిదోది ఆయన అనుచరుడు హిర్టియస్ చేర్చినది.

ఆ సాదా వచనం చేతకాక పుట్టింది కాదు. ఆల్ప్స్ పర్వతాలు దాటే ప్రయాణంలో లాటిన్ భాష మీద ఒక గ్రంథం రాసి, ప్రసిద్ధ రోమన్ వక్త సిసిరోకు అంకితమిచ్చిన మనిషి ఆయన. ఆ గ్రంథంలో మనకు మిగిలిన ఒక మాట నాకెంతో ఇష్టం: వాడుకలో లేని పదాన్ని నావికుడు బండరాయిని తప్పించుకున్నట్టు తప్పించుకోవాలి. రాజకీయాల్లో పొసగని సిసిరో సైతం ఈ యుద్ధ రచనలను దుస్తులు తీసేసిన దేహంతో పోల్చి, నిరాడంబరంగా, నిటారుగా, అందంగా ఉన్నాయని మెచ్చుకున్నాడు.

విద్యార్థులతో చదివేటప్పుడు రెండో పుస్తకం చివర నేను తప్పకుండా ఆగుతాను. గాల్‌లోని అదువాతుచి తెగ కోట పడిపోయింది. ఊరిని మొత్తంగా ఒకే బేరంలో అమ్మేశానంటాడు సీజర్. కొన్నవాళ్లు చెప్పిన లెక్క ప్రకారం 53,000 మంది. అంతే. వెంటనే సముద్రతీరపు తెగలు లొంగిపోయాయని తన కింది అధికారి క్రాసస్ పంపిన కబురులోకి వెళ్లిపోతాడు. అంకె దాచలేదు, అబద్ధమూ ఆడలేదు. ఒక్క విశేషణమైనా లేకపోవడంతో చదివే కన్ను జారిపోతుంది, అంతమంది బానిసలైన సంగతి కందిపప్పు లెక్కలా గడిచిపోతుంది. నాకు ఆ వాక్యం ఇప్పటికీ మింగుడు పడదు.

అపోహ: రూబికాన్ నది ఒడ్డున "పాచిక వేసేశాం" (ఇక వెనక్కి తగ్గేది లేదు) అన్నానని సీజరే రాసుకున్నాడు.

వాస్తవం: గాల్ యుద్ధం తర్వాత రోమన్ ప్రత్యర్థులతో సాగిన అంతర్యుద్ధం మీద ఆయన రాసిన మూడు పుస్తకాల్లో రూబికాన్ పేరే కనిపించదు. రవెన్నాలో సైనికులతో మాట్లాడతాడు, ఆ తర్వాత అరిమినం చేరుకుంటాడు. నడుమ ఉన్న నది మాయం! సేనతో దాటితే చట్టాన్ని ధిక్కరించినట్టే అయ్యే సరిహద్దు అది. పాచిక మాట జీవితచరిత్రకారులు స్యుటోనియస్, ప్లూటార్క్ వంటివారు నూరేళ్లు దాటిన తర్వాత రాసినది. "నువ్వు కూడానా, బ్రూటస్" అన్నది షేక్‌స్పియర్ నాటకం ద్వారా ప్రచారమైంది. 23 పోట్లు తిన్న సీజర్ మొదటి పోటుకు మూలిగాడే తప్ప మాట్లాడలేదని స్యుటోనియస్ కథనం. హంతకుల్లో ఒకడైన బ్రూటస్‌తో గ్రీకులో "నువ్వు కూడానా, బిడ్డా" అన్నాడని కొందరు చెప్పేవారని కూడా అతడే రాశాడు.

అపోహ: శత్రువులనూ క్షమించిన దయామయుడు.

వాస్తవం: క్రీ.పూ. 49లో ఇటలీలోని కోర్ఫినియంలో లొంగిపోయిన శత్రు సేనాని డొమిటియస్‌ను సీజర్ విడిచిపెట్టాడు, అతడి డబ్బు కూడా తిరిగి ఇచ్చేశాడు. ఆ రోజుల్లో ఓప్పియస్, బాల్బస్ అనే ఆప్తులకు రాసిన ఉత్తరం సిసిరో లేఖల మధ్య భద్రంగా ఉంది. దయతో, ఉదారతతో మనకు రక్షణ కల్పించుకుందాం, గెలవడానికి ఇదే కొత్త పద్ధతి కావాలి అంటాడు అందులో. నా దృష్టిలో సీజర్ రాజకీయ రచనల్లో అన్నిటికన్నా నిజాయతీ గల పంక్తి అదే. దయను ఒక పద్ధతిగా చూశానని స్వయంగా చెబుతున్నాడు. అంతకు రెండేళ్ల ముందు గాల్‌లోని ఉక్సెలోడునంలో ఆయుధం పట్టినవారి చేతులు నరికించింది కూడా ఈయనే. సాటి రోమన్లకు క్షమాభిక్ష, గాల్ ప్రజలకు కత్తి.

ఆ క్షమాభిక్షలో ఉన్న చిక్కును అందరికన్నా ముందు పసిగట్టింది సీజర్‌కు బద్ధ విరోధి అయిన సెనేటర్ కేటో అనిపిస్తుంది. క్రీ.పూ. 46లో ఉత్తర ఆఫ్రికాలోని ఉటికాలో ఓటమి ఖాయమైనప్పుడు, సీజర్‌ను ప్రాణభిక్ష అడగమని స్నేహితులు బతిమాలారు. తనకు అధికారం లేనివాళ్లను యజమానిలా కాపాడటమే ఆ మనిషి చేస్తున్న చట్టవిరుద్ధమైన పని, దానికి నేను రుణపడను అన్నాడని ప్లూటార్క్ రాశాడు. ఆ రాత్రి కత్తితో ప్రాణం తీసుకున్నాడు. తర్వాత సిసిరో కేటోను కీర్తిస్తూ ఒక పుస్తకం రాశాడు. సీజర్ దానికి జవాబుగా చనిపోయిన మనిషిని తూలనాడుతూ రెండు సంపుటాలు రాశాడు. బతికున్న శత్రువులను అంత తేలిగ్గా వదిలేసినవాడు ఈ ఒక్కణ్ణీ వదల్లేకపోయాడు. సిసిరో పుస్తకమూ, సీజర్ జవాబూ, రెండూ నేడు లేవు.